తొమ్మిదో మన్ను

మన్నుకి తోడు పెట్టడం మా లేబ్‌లో నా ఒక్కదానికే చేతనయింది. నాకంటే ముందు ఎమ్మెస్సీ చదివినవాళ్ళు ఇద్దరు, థర్మామీటర్లు పట్టుకుని నెల్లాళ్ళు తంటాలు పడ్డారట. వాళ్ళు కలిపిన ప్రతి కుండా మూడోనాటికల్లా చచ్చి, తడిసిన బూడిదలా అడుక్కి దిగిపోయేది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలోనే పెళ్ళయి చదువు మానేసినదాన్ని. రంపచోడవరంలో పాత చింతపండు గోడౌన్ ఒకదాన్ని లేబ్‌గా మార్చినప్పుడు గచ్చు కడగడానికి నన్ను పెట్టుకున్నారు. ఒకరోజు చూస్తూ ఊరుకోలేక అనేశాను.

“ఆ నీళ్ళు కాగిపోయాయండి. వేలు పెడితే చురుక్కుమంటంది. అందులో ఏది బతుకుద్ది?”

లేబ్ నడిపే డాక్టర్ కామేశ్వరి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. “నువ్వయితే ఏం చేస్తావు, నూకరత్నం?”

“పెరుగు తోడెట్టినట్టు పెడతానండి.”

నిన్నటి మన్ను గుప్పెడు తీసి, ఎండాకుల పొడిలో కలిపి, గోరువెచ్చటి బియ్యం కడుగునీళ్ళు పోసి గోనెపట్టా కప్పాను. పొద్దున్న చూస్తే కుండ వెచ్చగా ఉంది. మన్ను మెత్తగా పొంగి, తొలకరి వాసన వేస్తోంది. ఆ రోజునుంచి నా చీపురు వేరే వాళ్ళ చేతికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ గారు ఎనిమిదిసార్లు ఓడి, తొమ్మిదోసారి తయారుచేసిన ఆ మన్ను ఏం చేస్తుందో మొట్టమొదట ప్రపంచానికి చూపించింది మా మోక్ష. దానికి మూడేళ్ళు. టీవీవాళ్ళ డైరెక్టరు నిఖిలేశ్ గారు హైదరాబాదు నుంచి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గోడౌన్‌లో నిలబడ్డ రోజది. ఆయన తీసే ‘అడవి అరవై’ అన్న కార్యక్రమంలో పన్నెండు మంది మారేడుమిల్లి అడవిలో అరవై రోజులు బతకాలి. పోయినేడు పదిహేనో రోజుకే ఆపేయాల్సి వచ్చింది. ఎవరికి ఏ చెట్టు చాటు దొరికితే అక్కడే కూర్చోవడం, చేతులు కడిగీ కడక్కుండా ఒకే ఆకులో తినడం. చివరికి పన్నెండు మందిలో తొమ్మిది మంది సెలైన్ సీసాల కింద తేలారు. ఈసారి అడవిలో ఒక్క ఈగ లేచినా అనుమతి రద్దని ఆఫీసర్లు తేల్చేశారట.

“చూపించండి మేడమ్, డెమో,” అన్నారాయన.

డాక్టరమ్మ గారి దగ్గర చూపించడానికి తగిన వస్తువు ఆ క్షణాన లేదు. అందరం మొహాలు చూసుకుంటుంటే, మా పిల్ల నా కొంగు లాగింది. “అమ్మా, కక్క!”

అంత వేళకి వచ్చిన వరాన్ని నేనెప్పుడూ చూడలేదు. మూలన గుంట దగ్గర కూర్చోబెట్టాను. అయ్యాక డాక్టరమ్మ గారు గుప్పెడు మన్ను చల్లారు. కుక్కరు మూడు కూతలు కూసేంత సేపు. అంతే. వాసన లేదు, ఈగ లేదు. గుంటలో కాఫీపొడి రంగు మట్టి మిగిలింది. నిఖిలేశ్ గారు రుమాలు కిందకి దించి, వంగి, ఆ మట్టిని వేళ్ళతో నలిపి మరీ చూశారు. మోక్ష చప్పట్లు కొట్టింది. “నాదే! నాదే!”

“ఇందులో కంటికి కనపడని జీవాలు రెండు రకాలు,” అన్నారు డాక్టరమ్మ గారు. “ఒక రకం తింటాయి. రెండో రకం చెప్తాయి. కడుపు బాగుంటే ఈ కాఫీ రంగు. నీళ్ళలోంచి పురుగు పట్టుంటే పసుపు. తినకూడని ఆకేదైనా తింటే ఆకుపచ్చ. మనిషికి నొప్పి తెలియకముందే మన్నుకి తెలుస్తుంది.”

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. ఆవిడ పడుచుతనంలో, కొండమీద ఒక ఊరికి వైద్యానికి వెళ్ళేసరికి ఒక్కరోజు ఆలస్యమై, వాంతులూ విరేచనాలతో పదకొండు మంది పోయారట. ఆ ఒక్కరోజు కోసం ఆవిడ పదేళ్ళపైన ఈ కుండల ముందు కూర్చున్నారు.

నిఖిలేశ్ గారికి మాత్రం అందులో ఒక్కటే వినపడింది. “రంగులా? ఒక్కొక్కరికీ ఒక్కో రంగా? మేడమ్, జనం పిచ్చెక్కిపోతారు!”

ఆయన అన్నంత పనీ చేశారు. అడవిలో తాటాకు దడి కట్టించి, లోపల గుంట తవ్వించారు. మనిషి కనపడకుండా, గుంటని మాత్రమే చూసే చిన్న కెమెరా కన్నొకటి పెట్టారు. దడి బయట గుంజకి ఒక దీపం. లోపల ఏ రంగు వస్తే బయట దీపం ఆ రంగులో వెలుగుతుంది. కాఫీ రంగుకి పది పాయింట్లు, పసుపుకి సున్నా, ఆకుపచ్చకి అయిదు కోత. వాటికి ‘కడుపు పాయింట్లు’ అని పేరు. ఇదంతా టీవీలో ఊరూవాడా చూస్తారు.

డాక్టరమ్మ గారికి నచ్చలేదు. కానీ అరవై రోజులు పన్నెండు మంది మీద మన్ను పరీక్షించిన లెక్క ఉంటే, ఊళ్ళకి ఇవ్వడానికి సర్కారు అనుమతి ఈ ఏడాదే వస్తుంది. పళ్ళు బిగబట్టి సరేనన్నారు.

నేను రోజూ పొద్దున్నే మన్నుకుండతో జీపెక్కి అడవికి వెళ్ళేదాన్ని. దడి దగ్గరి డబ్బాలో మన్ను నింపడం, కుంకుడు రసం కుండా నీళ్ళ కుండా చూడడం, చేతులు మోచేతుల దాకా కడుక్కోని వాళ్ళని కేకలెయ్యడం నా పని. పెద్ద పెద్ద వాళ్ళందరూ నన్ను చూసి చేతులు వెనక దాచుకునేవారు. నాకు భలే ఉండేది.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. లేబ్ నుంచి ఒక టిఫిన్ డబ్బాడు మన్ను ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చాను. మా మోక్ష కోసం. దానికి తుమ్ము వస్తే నాకు నిద్ర పట్టదు, తుమ్ము రాకపోతే ఎందుకు రాలేదని నిద్ర పట్టదు. అలాంటిదానికి పిల్ల కడుపులో సంగతి రంగేసి చూపించే మన్ను దొరికితే ఊరుకుంటానా? రోజూ దాని వెనకే గుంట మీదకి వంగి కూర్చునేదాన్ని. ఒకరోజు పసుపు తేలింది. పిల్లని చంకనేసుకుని డాక్టరమ్మ గారి ఇంటికి పరుగెత్తాను. ఆవిడ పొట్ట నొక్కి, కళ్ళు చూసి, “మామిడిపండు ఎన్ని తింది?” అన్నారు. నాలుగు. ఇంకోరోజు ఆకుపచ్చ తేలింది. గోంగూర. ప్రతిసారీ నా మొహం ఎలా మారిపోయేదో నాకు తెలియదు. పిల్ల మాత్రం గుంటని కాకుండా నా మొహాన్నే చూస్తూ కూర్చునేది.

తరవాత ఒకరోజు “రాట్లేదమ్మా” అంది. మర్నాడూ రాలేదు. మూడోనాడు కాళ్ళు మెలేసుకుని, మంచంకోడు పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడింది కానీ కూర్చోనంది. సిరప్ తాగించాను, అరటిపండు పెట్టాను, బతిమాలాను, కసిరాను. నాలుగోనాటికి పొట్ట గట్టిగా బల్లలా అయింది. నా చెయ్యి తగిలితే ఏడుపు.

ఆ పొద్దున్నే అడవిలో ఇంకో గొడవ. సింహాద్రి అని అనకాపల్లి వైపు కుర్రాడు, ఇరవై రెండేళ్ళు, ఆరడుగుల కబడ్డీ ఆటగాడు. గెలిచేది అతనేనని అందరూ అనుకుంటున్నారు. ఆరోరోజున ఏదో ఆకు నమిలి ఆకుపచ్చ దీపం వెలిగించాడు. ఆ సాయంత్రానికి అతనికి ‘పచ్చ సింహం’ అని పేరు పడిపోయి రాష్ట్రమంతా తిరిగింది. ఆనాటినుంచి అతను దడి వైపు వెళ్ళలేదు. ఇది పన్నెండో రోజు. క్యాంపు వైద్యుడు పొట్ట మీద వేలితో కొట్టి చూసి, “రేపు మధ్యాహ్నానికి కాకపోతే కాకినాడ తీసుకుపోవాలి. పేగు మెలిపడితే కోత తప్పదు,” అన్నాడు.

దడి దగ్గర మైకులుండవు. నేను డబ్బా నింపుతూ, బండ మీద ముడుచుకుని కూర్చున్న అతన్ని పలకరించాను.

“మాత్రలిచ్చారు కదయ్యా, వేసుకోలేదా?”

“ఊసేసినానప్పా.” వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారట. “ఆ మాత్ర ఏసుకుంటే ఎల్లాల. నానెల్లను.”

“ప్రాణం మీదకొచ్చాక కూడానా?”

“ఏడుగురు మీదడిపోయినా ఊపిరి బిగబట్టినోణ్ణి. ఇదెంత!” అని నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించాడు. చిన్నగా అన్నాడు. “టీవీ ముందల మా యమ్మ కూకుంటాది. ఊరు ఊరంతా మా ఇంటికే వొస్తది. మా మేనమామ కూతురూ వొస్తది. మొన్ననే మాకు పెల్లి కుదిరింది. ఆ దీపం ఎలిగినప్పుడు ఆల్ల మొకాలు ఎలగుంటాయో నాను ఇక్కడ కూకునే సూస్తన్నానప్పా. కడుపు అలగ బిగిసిపోతంది. నా సేతిలో లేదు.”

డబ్బా మూత బిగించి జీపెక్కాను.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి మా ఆయన వీరబాబు పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు రాస్తున్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా, “వెళ్ళిందా? ఏ రంగు?” అన్నాను.

“అదిగో, ఆ మొకం!” అన్నాడు వీరబాబు. “కలెక్టరు తనిఖీకొచ్చినట్టు వస్తావేంటే నువ్వు? నీ మొకం చూత్తే నాకే రావట్లేదు రెండ్రోజులబట్టీ. పసిది, దానికెలా వత్తాదే?”

మామూలు రోజైతే అలిగేదాన్ని. ఆవేళ పెరట్లోకి వెళ్ళి, టిఫిన్ డబ్బాలో మన్నంతా అరటిచెట్టు మొదట్లో దులిపేసి వచ్చాను. పిల్ల అది చూసింది. అయినా కూర్చోలేదు. నమ్మకం పోగొట్టడానికి వారం పట్టింది నాకు. ఒక్క విదిలింపుకి తిరిగొస్తుందా?

సాయంత్రం గోడౌన్‌కి వెళ్ళాను. మర్నాడు అడవికి పంపే కుండకి తోడు పెట్టాలి. డాక్టరమ్మ గారు చెప్పిన మాటొకటి తలలో తిరుగుతోంది. తినే జీవాలు మొండివి, చెప్పే జీవాలు పసివి, పులుపు తగిలితే చచ్చిపోతాయి; అవి లేకపోతే మన్నుకి ఏ రంగూ రాదు, ఉత్త బూడిద రంగే. మా ఇంట్లో వేసవి వచ్చిందంటే తరవాణి కుండ ఉంటుంది. అన్నం వార్చిన గంజి పులిసి పులిసి, వాసనకే పళ్ళు జివ్వుమనేంత పులుపు. ఒక చెంబుడు తెచ్చాను. బియ్యం కడుగునీళ్ళకి బదులు ఆ తరవాణి పోసి గోనెపట్టా కప్పేశాను. ఆవిడని అడిగితే వద్దంటారని అడగలేదు. ఒక్క కుండ, ఒక్క పూట, అంతేననుకున్నాను.

తెల్లవారి చూస్తే మన్ను చక్కగా పొంగింది, కాస్త పుల్లటి వాసనతో. జీపు హారన్ కొడుతోంది. గబగబా రోజూ చేసే పనులన్నీ చేసి కుండెత్తుకుని పరుగెత్తాను.

అడవిలో సింహాద్రి బండ మీదే ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. అటు పక్క స్ట్రెచర్ సిద్ధంగా ఉంది.

“ఈవేళ మన్నుకి నోరు లేదు. దీపం వెలగదు. వెళ్ళు,” అన్నాను.

“ఊరికే అంటన్నావప్పా.”

“ఒట్టు.”

“ఒట్లు నమ్మి కబడ్డీ ఆడతారేటి?”

నిజమే. చెప్తే నమ్మేవాడు కాదు. నేను ఎలాంటిదాన్నంటే, ఇంట్లో మగాళ్ళుంటే చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేటప్పుడు కొంగు చాటు చేసుకునేదాన్ని. అలాంటిదాన్ని, పదకొండు మంది ఆటగాళ్ళు, నలభై మంది టీవీవాళ్ళు చూస్తుండగా, చెంబెత్తి పట్టుకుని దడి లోపలికి నడిచాను.

చెట్టుకి కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి నిఖిలేశ్ గారి కేక. “అమ్మా! అమ్మా, అది కంటెస్టెంట్స్‌ది!”

“నాకు మాత్రం కడుపు లేదేంటండీ?” అని లోపలినుంచే అరిచాను. ఎవరో కిసుక్కుమన్నారు.

భయానికో ఏమో, పని తొందరగానే అయింది. మన్ను చల్లి, చేతులు మోచేతుల దాకా కుంకుడు రసంతో కడుక్కుని బయటికొచ్చాను. మొహం కాలిపోతోంది. మూడు కూతలంతసేపు అందరం గుంజకేసి చూస్తూ నిలబడ్డాం. దీపం వెలగలేదు. ఇంకాసేపు చూశాం. వెలగలేదు.

సింహాద్రి లేచాడు. వంగిపోయి, పొట్ట పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ దడి వైపు నడిచాడు. తడిక మూసుకుంది.

అప్పుడు జరిగింది నేను జన్మలో మర్చిపోను. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పదకొండు మందీ ఒక్కొక్కరే దడికి వీపు తిప్పేశారు. ఒకాయన చెట్టు బెరడు పరిశీలించడం మొదలెట్టాడు. ఒకావిడ లేని చీమల్ని లెక్కపెట్టింది. ఇంకొకాయన ఆకాశంలోకి చూసి, “మబ్బు పట్టిందండోయ్” అన్నాడు, కళ్ళు చెదిరే ఎండలో. కెమెరా పట్టుకున్నాయన కూడా ఎందుకో దాన్ని కొండకేసి తిప్పుకున్నాడు. ఇరవై నిమిషాలు. మధ్యలో దడిలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. లారీ దిగుడులో బ్రేకు వదిలినట్టు. పదకొండు వీపులు గజగజ వణికాయి, నవ్వు ఆపుకోలేక. అయినా ఒక్కరూ తిరగలేదు.

తడిక తీసుకుని నిటారుగా వచ్చాడు సింహాద్రి. తిన్నగా నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, కుంకుడు రసం పోసుకుని, మోచేతుల దాకా, అటు పైన భుజాల దాకా, అక్కడితో ఆగక మొహం కూడా కడుక్కున్నాడు. తలెత్తి మమ్మల్నందర్నీ చూసి అన్నాడు.

“ఆకలేస్తంది.”

ఇక నవ్వు ఆగలేదు ఎవరికీ. అడవి దద్దరిల్లింది. ఒకాయన దాచుకున్న వెదురుకొమ్ముల కూర మొత్తం తెచ్చి అతని ముందు పెట్టాడు. స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు దాని మీదే కూర్చుని తిన్నారు.

ఆ సంతోషంతోనే గోడౌన్‌కి తిరిగొచ్చాను. డాక్టరమ్మ గారు కుండల వరస ముందు నిలబడి ఉన్నారు.

“నూకరత్నం, వీటికి తోడు ఏ కుండలోంచి తీశావు?”

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ అడవికి వెళ్ళే కుండలోంచి గుప్పెడు తీసి మిగతా నాలుగింటికీ తోడు పెట్టి మరీ బయల్దేరడం నా అలవాటు. రేపటికి తోడు ఉంచకుండా కుండ కదిలించడం మా ఇళ్ళలో ఏ ఆడదానికీ చేత కాదు. చెయ్యి దానంతటదే తీసింది, చెయ్యి దానంతటదే వేసింది. నాలుగు కుండల్లోనూ మన్ను పుల్లగా, నిక్షేపంగా పొంగి ఉంది. ఒక్కదాంట్లోనూ చెప్పే జీవం లేదు.

కూలబడిపోయి అంతా చెప్పేశాను. తరవాణి సంగతీ చెప్పాను, టిఫిన్ డబ్బా సంగతీ చెప్పాను.

“ఆ డబ్బాలో ఏమైనా మిగిలిందా?” ఆవిడ గొంతు ఆశగా ఉంది.

“అరటిచెట్టు మొదట్లో పారబోశానండి. నిన్ననే. పైన బట్టలు పిండిన సోడా నీళ్ళు కూడా పోశాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. హైదరాబాదులో మంచుపెట్టెలో నిద్రపోతున్న తోడు కొంచెం ఉందట. దాన్ని లేపి, పెంచి, మళ్ళీ ఇంతదాకా తేవడానికి పది నెలలు. సర్కారు అనుమతి ఈ ఏడాదికి లేనట్టే. “ఈ పది నెలల్లో ఏ కొండమీద ఏ ఊరికి నేను ఒక్కరోజు ఆలస్యంగా వెళ్తానో,” అన్నారు. నేను లేచి ఆ నాలుగు కుండలూ ఒక పక్కకి జరిపాను.

ఆవిడే అడిగారు. “ఆ అబ్బాయికి అయిందా?”

“అయిందండి.”

“బాగా?”

“ఇరవై నిమిషాలండి.”

ఆవిడ పెదవులు కదిలాయి. మొదట దగ్గేమో అనుకున్నాను. నవ్వు. కుర్చీ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆగాక, కాగితం మీద ఏదో గీస్తూ, తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నారు. “పసుపుకి సున్నం తగిలితే గానీ ఎరుపు రాదు కదా. పదో మన్ను అలా చేస్తాను. మామూలుగా రంగు ఉండదు. తెలుసుకోవాలనుకున్న మనిషి తన చేత్తో తను సున్నం నీళ్ళు చల్లుకుంటేనే చెప్తుంది. వాళ్ళకి మాత్రమే.” తలెత్తారు. “నువ్వు దొంగవి. చెప్పకుండా చేసే రకానివి. రేపు ఏడింటికల్లా రా. ఆ తోడుని లేపడం థర్మామీటర్లవాళ్ళ వల్ల కాదు.”

ఇంటికొచ్చాను. మోక్ష గుమ్మం పక్కన కాళ్ళు మెలేసుకుని నిలబడి ఉంది. అయిదో రోజు. నన్ను చూడగానే దాని కళ్ళు నా మొహం మీదకి వచ్చి ఆగాయి.

ఏమీ అడగలేదు. ఇంత కష్టమైన పని నేను ఇంతవరకూ చెయ్యలేదు. పక్కనే చతికిలబడి, అడవిలో జరిగింది కథలా చెప్పాను. సింహం కడుపునొప్పి, చీమలు లెక్కపెట్టిన పిన్ని, లారీ బ్రేకు. బ్రేకు దగ్గర అది పకపకా నవ్వింది. “మళ్ళీ చెప్పు.” మళ్ళీ చెప్పాను. “మళ్ళీ.” నాలుగోసారి బ్రేకు చప్పుడు అదే చేసింది. చేసి, ఉన్నట్టుండి మొహం సీరియస్‌గా పెట్టి, పెరటివైపు పరుగెత్తింది. నేను వెనకే లేచాను. దొడ్డి తలుపు దగ్గర అది ఆగి, రెండు చేతులూ చాపి నన్ను ఆపింది.

“నువ్వు రావద్దు. అటు తిరుగు.”

తిరిగాను. తలుపు పడింది. గోడకేసి నిలబడి, లేని చీమల్ని లెక్కపెట్టడం మొదలెట్టాను. నా మెడ నా మాట వినేలా లేదు. లోపల ముక్కుతున్న చప్పుడు. మూలుగు. నిశ్శబ్దం. ఆ తరవాత, ఎప్పుడు నేర్చుకుందో తెలియదు, ఏవో రెండు ముక్కల పాట తనే కట్టుకుని గట్టిగా పాడటం వినపడింది.

వీరబాబు వంటింట్లోంచి తొంగి చూసి, కనుబొమలతో అడిగాడు. నేనూ కనుబొమలతోనే ఆగమన్నాను.

పాట ఆగింది. నీళ్ళు పోసుకున్న చప్పుడు. నోరు కట్టుకోలేకపోయాను. “ఎలా ఉందమ్మా?”

లోపలినుంచి, అయిదు రోజుల బరువు దిగిన దర్జాతో జవాబొచ్చింది.

“నీకెందుకే!”